పోటీకి జట్టు కట్టేవారి కళ్లతో పోకెమాన్ స్కార్లెట్

పోకెమాన్ స్కార్లెట్, దాని జంట కూర్పు వయొలెట్ 2022 నవంబరు 18న నింటెండో స్విచ్ మీద విడుదలయ్యాయి. మొదటి మూడు రోజుల్లోనే రెండూ కలిసి కోటి ప్రతులు అమ్ముడుపోయాయి. కథ ఎలా ఉంది, పాల్డియా ప్రాంతపు కొండలూ ఊళ్లూ కంటికి ఇంపుగా ఉన్నాయా, పాత స్విచ్ మీద ఆట ఎంతగా తడబడుతుంది అన్న ప్రశ్నలకు జవాబులు కావలసినన్ని దొరుకుతాయి కనుక వాటి జోలికి నేను పోవడం లేదు. కథ ముగిశాకే అసలు ఆట మొదలవుతుందని అనుకునేవారికి, అంటే ఆరు పోకెమాన్లను ఎంచి, పెంచి, సాటి మనుషుల జట్లతో తలపడదలచినవారికి ఇది ఎంతవరకు పనికొస్తుందో చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. విడుదలైన నాటికి ఈ వరుసలో వచ్చిన ప్రధాన ఆటలన్నింటిలోనూ పెంపకానికి ఇంత తక్కువ శ్రమ పెట్టినది మరొకటి లేదు. అయితే ఆ శ్రమ ఎక్కడ పెట్టాలో తెలిపే లెక్కలను మాత్రం ఆటగాడి కంట పడకుండా దాచిపెట్టడంలో ఇది పాత ఆటలకు ఏమీ తీసిపోదు.

కొత్తవారి కోసం కొంత వివరణ అవసరం. ప్రతి పోకెమాన్‌కూ హెచ్‌పీ, అటాక్, డిఫెన్స్, స్పెషల్ అటాక్, స్పెషల్ డిఫెన్స్, స్పీడ్ అని ఆరు స్టాట్లు ఉంటాయి. జాతిని బట్టి వచ్చే మూలసంఖ్యను ఎవరూ మార్చలేరు. దానికి తోడు పుట్టుకతో ఒక్కో స్టాట్‌కు 0 నుంచి 31 వరకు ఏదో ఒక ఐవీ వస్తుంది. పెంపకంలో మనం పోసే ఈవీలు ఒక స్టాట్‌కు 252, మొత్తం మీద 510 దాటకూడదు. నేచర్ అనేది 25 రకాలు, వాటిలో ఎక్కువ భాగం ఒక స్టాట్‌ను పదో వంతు పెంచి మరొకదాన్ని పదో వంతు తగ్గిస్తాయి. ఒకప్పుడు ఐవీలూ నేచరూ మనం కోరినట్టు కుదిరిన పోకెమాన్ కావాలంటే గుడ్ల మీద గుడ్లు పొదిగించడం తప్ప దారి ఉండేది కాదు. 2016లో వచ్చిన సన్, మూన్ ఆటలు బాటిల్ క్యాప్ ఇచ్చి ఐవీని 31తో సమానం చేసే హైపర్ ట్రైనింగ్‌ను తెచ్చాయి గాని, దానికి పోకెమాన్ 100వ స్థాయికి చేరి తీరాలన్న షరతు పెట్టాయి. 2019 నాటి స్వోర్డ్, షీల్డ్ ఆటల్లో నేచర్ ప్రభావాన్ని మార్చే మింట్లు వచ్చాయి. స్కార్లెట్ ఆ షరతును 50వ స్థాయికి దించి, మింట్లను దుకాణంలో నగదుకు అమ్మకానికి పెట్టింది.

ఈ చివరి మార్పే చాలా పెద్దది. చాన్సీ సప్లై దుకాణంలో మింటు 20,000, ఈవీలు పెంచే విటమిన్ సీసా 10,000 (ఇవన్నీ ఆటలోని డబ్బే, మన జేబులోది కాదు). ఒక్కో సీసా 10 ఈవీలు ఇస్తుంది కనుక, రెండు స్టాట్లను నిండుగా నింపడానికి 52 సీసాలు, అంటే 5,20,000 కావాలి. ఆరింటి జట్టుకు ముప్పై లక్షల పైమాటే. వినడానికి భారీగా ఉన్నా, ఆటలో ఎన్నిసార్లైనా ఆడగల అకాడమీ ఏస్ టోర్నమెంటును, గెలుపు సొమ్మును రెట్టింపు చేసే అమ్యులెట్ కాయిన్ తగిలించుకున్న గోల్డెంగో అనే పోకెమాన్‌తో ఆడి, దాని మేక్ ఇట్ రెయిన్ దాడితో గెలుస్తూ పోతే డబ్బు కొరత త్వరగానే తీరుతుంది. అయితే ఆ గోల్డెంగోను సంపాదించడానికి 999 నాణేలు ఏరుకోవాలి. అది మాత్రం కాస్త విసుగు పుట్టించే పనే. డబ్బు పెట్టడం ఇష్టంలేనివారు ఈవీలు ఎక్కువగా వచ్చేలా చేసే పవర్ ఐటమ్ తగిలించి అడవి పోకెమాన్లను ఓడిస్తూ ఈవీలు కూడబెట్టుకోవచ్చు. పోసినవి ఎక్కువైతే కొన్ని రకాల బెర్రీలు పదేసి చొప్పున తగ్గిస్తాయి, 2023 సెప్టెంబరులో వచ్చిన టీల్ మాస్క్ అనే అదనపు భాగంలోని ఫ్రెష్ స్టార్ట్ మోచి అయితే ఒక్కసారిగా అన్నింటినీ సున్నాకు తెస్తుంది.

ఇదంతా ఆచరణలో ఎలా ఉంటుందో ఒక పోకెమాన్‌ను పట్టుకుని చూద్దాం. అమూంగస్ పుట్టగొడుగు ఆకారంలో ఉండే గడ్డి, విష రకాల పోకెమాన్. ఇద్దరికి ఇద్దరు తలపడే డబుల్స్ పోటీల్లో ఏళ్ల తరబడి కనిపిస్తున్న పాత కాపు. స్పోర్‌తో ఎదుటివారిని నిద్రపుచ్చుతుంది, రేజ్ పౌడర్‌తో పక్కవాడి మీదికి వచ్చే దెబ్బలను తనవైపు తిప్పుకుంటుంది, పాలెన్ పఫ్‌తో ఆ పక్కవాడికే వైద్యం చేస్తుంది. పాల్డియాలో దీని చిన్న రూపమైన ఫూంగస్ నేల మీద పడి ఉన్న బంతిలా నటిస్తూ కూర్చుంటుంది, పట్టుకోవడం ఏమంత కష్టం కాదు. 252 ఈవీలు హెచ్‌పీలో పోస్తే 50వ స్థాయిలో దాని హెచ్‌పీ 221 అవుతుంది. మిగిలినవి రెండు రక్షణ స్టాట్లకూ పంచుతాం. బరిలోంచి వెనక్కు వచ్చిన ప్రతిసారీ మూడో వంతు ప్రాణం తిరిగి పోసే రీజనరేటర్ దీనికి హిడెన్ ఎబిలిటీ, అంటే అరుదుగా వచ్చే సహజగుణం; అది లేని ఫూంగస్ దొరికితే దాన్ని తెచ్చిపెట్టే ఎబిలిటీ ప్యాచ్ కావాలి. ఆ ప్యాచ్ దుకాణంలో దొరకదు, నలుగురు కలిసి ఒక బలమైన పోకెమాన్‌ను ఓడించే టెరా రైడ్లలో, అందులోనూ ఆరు నక్షత్రాల వాటిలో, అప్పుడప్పుడు మాత్రమే వస్తుంది. టెరా రకాన్ని, అంటే పోరు మధ్యలో పోకెమాన్ మారగల రకాన్ని, నీటికి మార్చాలంటే మెడాలి ఊళ్లోని ట్రెజర్ ఈటరీలో ఆ రకం టెరా షార్డులు 50 ఇవ్వాలి. అవి కూడా రైడ్లలో కొద్దికొద్దిగానే రాలుతాయి. 2023 డిసెంబరులో వచ్చిన రెండో అదనపు భాగం ఇండిగో డిస్క్‌లో ఉన్న ఐటమ్ ప్రింటర్ ఈ షార్డుల కరువును చాలావరకు తీర్చింది గాని, అది డబ్బు పెట్టి కొన్నవారికే.

ఇంతవరకు శ్రమ ఉన్నా దారి స్పష్టంగానే ఉంది. చిక్కంతా స్పీడ్ దగ్గర వస్తుంది. ట్రిక్ రూమ్ పడిన ఐదు టర్న్‌లూ నిదానంగా ఉన్నవారే ముందు కదులుతారు కనుక, అలాంటి జట్టులోని అమూంగస్ వీలైనంత మందకొడిగా ఉండాలి. స్పీడ్ ఐవీ 31 ఉండి స్పీడ్‌ను తగ్గించే నేచర్ ఉంటే దాని వేగం 45. ఐవీ 0 అయితే 31. ఈ పద్నాలుగు అంకెల తేడాలో చాలా పోకెమాన్లు ఉన్నాయి. ఉదాహరణకు నిప్పు రకం తాబేలైన టోర్కోల్‌ను తీసుకుంటే, ఐవీ 31 ఉండి స్పీడ్ తగ్గించే నేచర్ ఉన్న టోర్కోల్ వేగం 36. ట్రిక్ రూమ్‌లో దానికంటే ముందు స్పోర్ వేయాలా, అది మంట కురిపించాక వేయాలా అన్నది ఈ అంకెలే నిర్ణయిస్తాయి. ఐవీని 31కి పెంచే బాటిల్ క్యాప్ ఉంది గాని, 0కు దించే వస్తువు ఏదీ ఈ ఆటలో లేదు. అడవిలో దొరికే వాటిలో ముప్పై రెండింటికి ఒకటి చొప్పున సున్నా వస్తుందని లెక్క. అది దొరికాక తల్లిదండ్రుల ఐవీలను ఎక్కువగా పిల్లకు అందించే డెస్టినీ నాట్ తగిలించి పిక్నిక్‌లో గుడ్లు పెట్టించి, ఆ సున్నాను తరువాతి తరానికి దింపుకోవాలి. పెంపకంలోని అడ్డంకులన్నీ ఒక్కొక్కటే తొలగించిన ఆట ఈ ఒక్కదాన్ని ఎందుకు వదిలేసిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

అంతకంటే పెద్ద ఫిర్యాదు మరొకటి ఉంది. ఈవీలు ఎన్ని పోశామో ఆట ఎక్కడా అంకెల్లో చూపదు. వివరాల తెరలో ఎల్ మీట నొక్కితే ఆరు మూలల బొమ్మ ఒకటి వస్తుంది. 252 నిండిన మూల మెరుస్తుంది, అంతే. 116 పోయాలా 124 పోయాలా అని తూకం వేసే ఆటగాడికి ఆ బొమ్మ ఏ విధంగానూ సాయపడదు; కాగితం మీద లెక్క రాసుకోవలసిందే. 50వ స్థాయిలో ఐవీ 31 ఉన్న స్టాట్‌కు మొదటి 4 ఈవీలకు ఒక అంకె పెరుగుతుందనీ, ఆ తర్వాత ప్రతి 8 ఈవీలకు ఒకటి చొప్పున పెరుగుతుందనీ, అందువల్లనే అనుభవజ్ఞుల కేటాయింపులన్నీ 4, 12, 20, 28 అన్న మెట్ల మీదే ఉంటాయనీ ఈ ఆట ఆడి తెలుసుకున్నవారు ఉంటారని నేను అనుకోను. అందరూ బయట చదివి తెలుసుకున్నవారే.

ఒక్క అంకెకు అంత విలువ ఉందా అని అడిగేవారికి ఫ్లట్టర్ మేన్‌ను చూపించాలి. స్కార్లెట్‌లో మాత్రమే, పాల్డియా మహాబిలం అడుగున ఏరియా జీరోలో దొరికే ఈ పోకెమాన్ స్పెషల్ అటాక్, స్పెషల్ డిఫెన్స్, స్పీడ్ మూలసంఖ్యలు మూడూ 135. మిగిలిన మూడూ 55. పెంచిన స్పీడ్, అనుకూలమైన నేచర్ రెండూ ఉంటే దాని వేగం 205కు చేరుతుంది. వయొలెట్‌లో మాత్రమే దొరికే ఐరన్ బండిల్ మూలవేగం 136, అదే విధంగా పెంచితే 206. ఈ ఒక్క అంకెతో ఐరన్ బండిల్ ప్రతిసారీ ముందు కదులుతుంది. ఇంతటితో అయిపోలేదు. బూస్టర్ ఎనర్జీ అనే వస్తువు ఇస్తే ఫ్లట్టర్ మేన్ స్టాట్లలో అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది పెరుగుతుంది. అది స్పీడ్ అయితే ఒకటిన్నర రెట్లవుతుంది, మరేదైనా అయితే 30 శాతం పెరుగుతుంది. అంటే స్పీడ్ పెంచే టిమిడ్ నేచర్ ఇచ్చి స్పీడ్‌ను 205 చేసి, స్పెషల్ అటాక్‌ను 187 దగ్గర ఉంచితే అది గాలికంటే వేగంగా కదులుతుంది. స్పెషల్ అటాక్ పెంచే మోడెస్ట్ నేచర్‌తో ఆ రెండు అంకెలనూ తారుమారు చేస్తే అదే పోకెమాన్, అవే నాలుగు మూవ్‌లు, అదే వస్తువు, కాని ఎదుటివారికి తగిలే దెబ్బ వేరు. పోరుకు ముందు ఇరుజట్లనూ చూపే టీమ్ ప్రివ్యూలో ఎదుటివాడికి పేరు మాత్రమే కనబడుతుంది, లోపలి కేటాయింపు కనబడదు. అది ఏ రకమైనదో మొదటి టర్న్‌లోనే పసిగట్టడం, పసిగట్టనివ్వకపోవడం ఈ ఆటలోని గొప్ప సరదాల్లో ఒకటి.

పందెం కోడిని మేపడం ఒక విద్య, దాన్ని ఏ రోజు ఏ కోడి మీదికి వదలాలో తెలియడం మరొక విద్య. స్కార్లెట్ మొదటిదాన్ని తేలిక చేసి రెండోదానికి సమయం మిగిల్చింది. డబుల్స్ నియమాల ప్రకారం ఆరింటిని తెచ్చి నాలుగింటిని దించుతాం. ఒకే జాతి రెండుసార్లు ఉండకూడదు, ఒకే వస్తువును ఇద్దరు పట్టుకోకూడదు. అందరూ 50వ స్థాయికి సర్దుబాటు అవుతారు. ఈ హద్దుల్లో నాలుగు టర్న్‌లపాటు జట్టు వేగాన్ని రెట్టింపు చేసే టెయిల్‌విండ్‌ను నమ్ముకోవాలా, దానికి పూర్తిగా ఎదురైన ట్రిక్ రూమ్‌ను నమ్ముకోవాలా, రెండూ కలిసిన జట్టు కట్టి ఎదుటివాడిని సందిగ్ధంలో పడేయాలా అన్నది జట్టు కూర్పరి తేల్చుకోవలసిన మొదటి విషయం. టెరా రకం దానికి మరో మడత పెడుతుంది. మ్యాచ్‌లో ఒక్కసారి, ఒక్క పోకెమాన్ మాత్రమే తన రకాన్ని మార్చుకోగలదు కనుక ఆరింటికీ టెరా రకాలు ఎంచినా వాడేది ఒక్కటే. మన అమూంగస్ నీటి రకంలోకి మారితే నిప్పు, మంచు దెబ్బలకు బెదరదు. కాని గడ్డి రకం పోగానే ఎదుటి అమూంగస్ వేసే స్పోర్‌కు తానే నిద్రపోయే ప్రమాదం వచ్చిపడుతుంది. ఇలాంటి లాభనష్టాలు ప్రతి టర్న్‌లోనూ ఎదురవుతాయి. పోరులో పోకెమాన్‌ను తాత్కాలికంగా బలపరచిన గడిచిన తరాల మెగా రూపాలు, డైనమాక్స్‌లతో పోలిస్తే కూర్పరి తెలివికి ఎక్కువ చోటిచ్చింది టెరాయేనని నా అభిప్రాయం. దీన్ని కాదనే పాత ఆటగాళ్లు చాలామందే ఉన్నారని కూడా నాకు తెలుసు.

బలమైన పోకెమాన్లనే పోగుచేస్తే జట్టవుతుందని అనుకునేవారికి 2014 ప్రపంచ పోటీలను గుర్తుచేయడం ఈ రంగంలో ఆనవాయితీ. వాషింగ్టన్‌లో జరిగిన ఆ పోటీల్లో కొరియా ఆటగాడు సెజున్ పార్క్, ఎవరూ లెక్కలోకి తీసుకోని పచిరిసు అనే ఉడుతలాంటి పోకెమాన్‌ను దించి, ఫాలో మీతో దెబ్బలన్నీ దాని మీదికి తిప్పుకుని విజేతగా నిలిచాడు. బలహీనమైనది నెగ్గిందని ఆ కథ చెప్పుకుంటారు గాని, అది నిజానికి ఈవీల కథ. ఏ దెబ్బకు తట్టుకోవాలో ముందే లెక్కగట్టి రక్షణ పోశాడు కనుకనే ఆ ఉడుత నిలబడింది.

ఆ లెక్కలు వేసే సాధనం స్కార్లెట్‌లో లేదు. అందుకే పోకెమాన్ షోడౌన్ ప్రస్తావన తప్పదు. ఇది 2011 నుంచి బ్రౌజర్‌లో ఉచితంగా నడుస్తున్న పోరాట సిమ్యులేటర్. ఈవీలు అంకెల్లో టైపు చేసి, ఐవీ సున్నా కావాలంటే సున్నా అని రాసి, క్షణంలో జట్టు తయారు చేసుకుని ఆడవచ్చు. ఒక జట్టును ఇక్కడ పదిసార్లు విరిచి కట్టి, కుదిరిందనిపించాకే స్కార్లెట్‌లో పెంపకానికి కూర్చోవడం అనుభవజ్ఞుల పద్ధతి, నేనూ అదే పాటిస్తాను. అధికారిక ఆటలో ఇందుకు కొంత దగ్గరగా వచ్చేది రెంటల్ టీమ్ ఒక్కటే. ఇతరులు పంచిన కోడ్ కొడితే వారు పెంచిన ఆరూ మనకు అరువుకు వస్తాయి. వాటితో ర్యాంక్డ్ మ్యాచ్‌లు, అంటే గెలుపోటములను బట్టి స్థానం మారే ఆన్‌లైన్ పోరాటాలు, కూడా ఆడవచ్చు. కొత్తవారు స్వంత పెంపకానికి దిగకముందు కొన్నాళ్లు అరువు జట్లతో ఆడితే తమకు ఏ తరహా ఆట నప్పుతుందో తెలుస్తుంది. ఆట తనంతట తాను నేర్పనిదాన్ని ఈ సదుపాయం కొంతవరకైనా నేర్పుతుంది.

ర్యాంక్డ్ మ్యాచ్‌ల నిర్వహణ మొత్తం మీద సంతృప్తికరమే. ఆటగాడికి ఏడు నిమిషాలు, మొత్తం మ్యాచ్‌కు ఇరవై నిమిషాలు, ఒక్కో నిర్ణయానికి 45 సెకన్లు. విడుదలైన కొత్తల్లో ప్రతి ర్యాంక్డ్ పోరూ ఒకే యాదృచ్ఛిక సంఖ్యతో మొదలవుతున్న లోపం బయటపడి నవ్వులపాలైనా, 2022 డిసెంబరు తొలినాళ్ల సవరణతో అది సరయింది. 2025 జూన్‌లో స్విచ్ 2 వచ్చాక అందిన ఉచిత నవీకరణతో ఆ యంత్రం మీద తడబాటు కూడా పోయింది.

ఖర్చు సంగతి వేరు. పెంపకం చవకైనా, పెంచవలసిన పోకెమాన్లు చవకగా రావు. అమెరికా ధరల్లో ఆట 59.99 డాలర్లు, రెండు అదనపు భాగాలూ కలిపి 34.99, ఆన్‌లైన్‌లో ఆడేందుకు ఏడాది చందా 19.99. డబుల్స్‌లో అడుగడుగునా ఎదురయ్యే ఇన్సినరోర్, రిల్లబూమ్ ఈ ఆటలో పట్టుకోవాలంటే ఇండిగో డిస్క్ ఉండాలి. ఓగర్‌పాన్ టీల్ మాస్క్‌లో, రేజింగ్ బోల్ట్ ఇండిగో డిస్క్‌లో ఉన్నాయి. ఉర్షిఫు అసలు ఈ ఆటలోనే దొరకదు, పాత స్వోర్డ్, షీల్డ్‌లోంచి, ఒక ఆట పోకెమాన్లను మరో ఆటకు చేర్చే హోమ్ సేవ ద్వారా తెచ్చుకోవాలి, లేదా ఎవరితోనైనా మార్పిడి చేసుకోవాలి. 2023 ఆగస్టులో యోకొహామాలో జరిగిన ప్రపంచ పోటీల్లో, సాఫ్ట్‌వేర్‌తో తయారు చేసిన పోకెమాన్లు తెచ్చినందుకు కొందరు అనర్హులయ్యారు. నియమం నియమమే గాని, అనేక ఆటలు కొంటే తప్ప జట్టు పూర్తికాని ఏర్పాటు ఆ పెడదారికి పురికొల్పుతున్నదన్న వాదనను పూర్తిగా కొట్టిపారేయలేం.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండి కొనేవారు మరికొన్ని ఆలోచించుకోవాలి. స్విచ్ ఇక్కడికి ఎక్కువగా దిగుమతిదారుల చేతుల మీదుగా వస్తుంది కనుక ధర దుకాణానికొక తీరుగా ఉంటుంది, మరమ్మతు హామీ విషయం ముందే అడిగి తెలుసుకోవాలి. నింటెండో ఆన్‌లైన్ దుకాణానికి భారత విభాగం లేదు కనుక ఖాతాను వేరే దేశం పేర తెరవాలి. ఆట ఏ దేశపు కూర్పో అదనపు భాగాలూ ఆ దేశపు ఖాతాలోనే కొనుక్కోవడం క్షేమం. ఆటలో తెలుగు గాని హిందీ గాని లేవు.

ఇప్పటికే స్విచ్ ఉన్నవారు నిస్సందేహంగా కొనవచ్చు. స్విచ్ లేక, కేవలం పోరాటాల మీదే ఆసక్తి ఉన్నవారు మొదట షోడౌన్‌లో కొంతకాలం ఆడి చూడటం మంచిది. 2025 ఫిబ్రవరిలో ప్రకటించిన పోకెమాన్ ఛాంపియన్స్ పోరాటాలకే పరిమితమై, స్విచ్‌తోపాటు ఫోన్లకూ ఉద్దేశించినది కనుక దాని సంగతి కూడా చూసుకుని నిర్ణయించుకోవచ్చు. అదనపు భాగాలను మొదటి రోజే కొననక్కరలేదు, అరువు జట్లతో ఆడి ఇన్సినరోర్ లేనిదే పని జరగదని తేలాక కొనుక్కోవచ్చు. ఇక స్కార్లెట్టా వయొలెట్టా అన్నదానికి వస్తే, మీతో కలిసి ఆడే స్నేహితుడి దగ్గర ఏది ఉందో కనుక్కుని రెండోది తీసుకోండి. ఒక ఫ్లట్టర్ మేన్ ఇచ్చి ఒక ఐరన్ బండిల్ తెచ్చుకుంటే ఇద్దరి జట్లూ పూర్తవుతాయి.